పదో తరగతి లోపే కాలేజీకి తయారీ: బడిలో పెట్టే పరీక్షల్నే ఎలా వాడుకోవాలి

విశాఖలో ఏటా జూన్ వచ్చేసరికి ఇదే తంతు. పదిలో 600కి 500 దాటిన పిల్లలు ఎంవీపీ కాలనీలోనో, గాజువాకలోనో, మధురవాడలోనో ఇంటర్‌లో చేరతారు. దసరా సెలవులకు ఇంటికొచ్చి "ఫిజిక్స్ ఏమీ బోధపడట్లేదు" అంటారు. వాళ్లకు తెలివి తక్కువై కాదు. పదిలో వాళ్లు రాయని పరీక్ష లేదు: ఎఫ్‌ఏలు (ఏడాది మధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షలు), ఎస్‌ఏలు (టర్మ్ చివరి సమ్మేటివ్ పరీక్షలు), ప్రీ ఫైనల్, గ్రాండ్ టెస్టులు. అన్నింటి నుంచీ మిగిలింది మాత్రం ప్రోగ్రెస్ కార్డు మీద ఒక అంకె. ఏ లెక్క ఎందుకు తప్పిందో చెప్పే జవాబు పత్రాలేమో పాత పేపర్లవాడి తక్కెడలోకి పోయాయి.

కొత్తగా ఇంకో పరీక్ష పెట్టమని నేను చెప్పబోవడం లేదు. ఉన్నవే ఎక్కువ. వాటిని చదవడం, వాటితో పని చేయించుకోవడం ఎలాగో జూన్ నుంచి మొదలుపెట్టి వరుసగా చెబుతాను. మీరు తొమ్మిది, పది తరగతులకు చెప్పే టీచరైతే ఉన్నదున్నట్టు వాడుకోండి. ఇంట్లో చదివించే అమ్మానాన్నలైతే ఒక బిడ్డకు సరిపడా కుదించుకోండి.

జూన్: పాఠం మొదలుపెట్టే ముందు పునాది చూడండి

జూన్ 12న బడి తెరిచాక మొదటి వారంలోనే ఒక చిన్న పరీక్ష పెట్టండి. కిందటేటి సిలబస్ మీద వద్దు. రేపు ఎంపీసీ తీసుకున్నా, సీఈసీ తీసుకున్నా చేతిలో ఉండి తీరాల్సినవి కొన్ని ఉంటాయి, వాటి మీద పెట్టండి: భిన్నాలు, నిష్పత్తులు, శాతాలు, రుణ సంఖ్యలు, చిన్న సమీకరణం, యూనిట్లు మార్చడం, గ్రాఫ్ చదవడం, ఒక పేరా చదివి అందులో ఉన్నదేమిటో లేనిదేమిటో చెప్పడం. ఇరవై ప్రశ్నలు, నలభై నిమిషాలు చాలు.

ప్రశ్నలు ఇలా ఉండొచ్చు. గాజువాకలో 8:50కి బయల్దేరిన బస్సు 9:35కి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి చేరింది, దూరం 15 కిలోమీటర్లు అనుకుంటే గంటకు ఎంత వేగం? గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు ఎన్ని మీటర్లు? మొదటిదానికి 45 నిమిషాలను ముప్పావు గంటగా చూడగలిగితే 20 అని వచ్చేస్తుంది. చాలామంది 15ని 45తో భాగించి ఆగిపోతారు. ఆగిపోయిన చోటు మీకు కనిపించాలి, అందుకే ఈ పరీక్షలో బిట్లు పెట్టకండి. స్టెప్పులు రాయించండి, రఫ్ వర్క్ కూడా అదే కాగితం మీద చేయమనండి.

పదో తరగతికి వచ్చిన పిల్లలకు భాగహారాలు పెట్టడమేంటని మొహమాటపడొద్దు. గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ల పిల్లల మీద జరిగిన 2023 అసర్ సర్వేలో (పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే సర్వే) మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 43 శాతమే. నాలుగో వంతు మంది తమ భాషలో రెండో తరగతి పాఠం కూడా తడబడకుండా చదవలేకపోయారు. పట్నంలో బడి కదా, మన దగ్గర అలా ఉండదని చూడకుండానే అనుకోవద్దు.

పేపర్లు వచ్చాక మార్కులు వేయకండి. ఒక్కో పేపరూ చదవండి. ఎలా చదవాలో ఒక ఉదాహరణతో చెబుతాను.

ఒక పేపర్లో మూడు లెక్కలున్నాయి. −7 + 2 అంటే −5 అని రాశాడు, ఒప్పే. (−3) × (−5) అంటే 15 అని రాశాడు, అదీ ఒప్పే. −3 − 5 దగ్గర మాత్రం 8 అని రాశాడు. మార్కుల లెక్కలో మూడింటికి రెండు, పాసే. మీరు ఆ పిల్లాణ్ణి పిలిచి "ఎలా వచ్చిందిరా?" అని అడగండి. "మైనస్ మైనస్ ప్లస్ కదండీ" అంటాడు. గుణకారానికి నేర్చుకున్న సూత్రాన్ని రెండు మైనస్‌లు కనపడ్డ ప్రతిచోటా వాడేస్తున్నాడన్నమాట. మార్కులు చూస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. పదిలో కటక సూత్రం దగ్గర వస్తువు దూరానికి మైనస్ పెట్టాల్సి వచ్చినప్పుడు జవాబు తారుమారవుతుంది. ఇంటర్‌లో వర్గ సమీకరణాలూ, ఫిజిక్స్‌లో త్వరణమూ, కెమిస్ట్రీలో ఎంథాల్పీ, అన్నీ ఇదే గుంటలో పడతాయి. అప్పుడు లెక్చరర్ "బేసిక్స్ లేవు" అనేసి ముందుకెళ్లిపోతారు. డెబ్బై, ఎనభై మంది ఉన్న సెక్షన్లో ఆయనకు ఆగే వీలుండదు.

దీన్ని సరిచేయడానికి పట్టేది పది నిమిషాలు. మూడు రూపాయల అప్పుంది, ఇంకో ఐదు అప్పు చేశావు, మొత్తం ఎంత అప్పు అని అడిగితే వాడే ఎనిమిది అప్పు అంటాడు. ఆ మాటనే సంఖ్యారేఖ మీద గీయించండి. వారం తర్వాత మళ్లీ అడగండి. 3/4 + 2/5 అంటే 5/9 అని రాసే పిల్లల దగ్గర కూడా ఇలాగే కూర్చోవాలి. ముప్పావుకి ఇంకొంత కలిపితే సగం కంటే కాస్త ఎక్కువే ఎలా వచ్చిందని అడిగి వదిలేయండి. మీరు చెప్పక్కర్లేదు, వాళ్లకే అనుమానం వస్తుంది.

జులై: తప్పుల పుస్తకం

ప్రతి పిల్లా, పిల్లాడూ ఒక వంద పేజీల నోట్‌బుక్ పెట్టుకోవాలి. ఏ పరీక్షలో తప్పు పోయినా ఆ ప్రశ్న, తను రాసిన జవాబు, సరైన జవాబు అందులో ఎక్కాలి. పక్కన కారణం రాయాలి. కారణాలు నాలుగే: తెలీలేదు, తెలిసినా జారింది, ప్రశ్న బోధపడలేదు, టైం చాలలేదు.

కారణం పిల్లలతోనే రాయించండి. మొదట్లో అందరూ "జారింది" అనే రాస్తారు. "నాకొచ్చండి మాస్టారూ, తొందర్లో తప్పు పడిపోయిందంతే" అంటారు. సరే, పుస్తకం మూసి ఇప్పుడు చేసి చూపించమనండి. చేయగలిగితే జారినట్టే. చేయలేకపోతే ఆ మాట కొట్టేసి "తెలీలేదు" అని వాళ్లతోనే రాయించండి. నెల రోజులు ఇలా జరిగితే ఎవరి కారణం వాళ్లే నిజాయితీగా రాయడం మొదలుపెడతారు.

తెలీని దానికి పాఠం మళ్లీ చెప్పడమొక్కటే దారి. జారిన దానికి మాత్రం "జాగ్రత్తగా రాయి" అని చెప్పి ఊరుకోవద్దు, ఆ మాట ఒకటో తరగతి నుంచి వింటూనే ఉన్నారు. ఎక్కడ జారుతోందో వెతకాలి. కొందరికి ప్రశ్నలోంచి అంకె దించుకునేటప్పుడు, కొందరికి పేజీ తిప్పినప్పుడు, కొందరికి చివర్లో యూనిట్లు రాయడం దగ్గర. పరీక్ష ఆఖరి పది నిమిషాల్లో మొత్తం పేపరు మళ్లీ చదవకుండా తన పుస్తకంలో ఎక్కువసార్లు పడ్డ ఆ ఒక్కదాన్నే వెతుక్కోమనండి.

మూడో కారణం, ప్రశ్న బోధపడకపోవడం, మన పిల్లల్లో అందరూ అనుకునే దానికంటే చాలా ఎక్కువ. మన ప్రభుత్వ బడుల్లో పాఠ్యపుస్తకాలు ద్విభాషలో ఉన్నాయి, ఒక పేజీ ఇంగ్లిష్‌లో, పక్క పేజీ తెలుగులో. పిల్లలు సహజంగానే తెలుగు పేజీ చదువుకుంటారు. అది తప్పేమీ కాదు. అయితే ఇంటర్‌లో చాలా కాలేజీల్లో ఆ తెలుగు పేజీ ఉండదు. సబ్జెక్టు పదాలతో పెద్ద ఇబ్బంది రాదు, ఫోర్స్, వెలాసిటీ అందరికీ నోట్లో ఉన్నవే. చిక్కంతా ఎట్ లీస్ట్, రెస్పెక్టివ్లీ, హెన్స్, నాట్ మోర్ దేన్, కన్సెక్యూటివ్ లాంటి మామూలు మాటలతో. లెక్క తెలిసిన పిల్ల "ఎట్ లీస్ట్ టూ" అన్నదాన్ని "రెండు" అని చదువుకుని మార్కు పోగొట్టుకుంటుంది. తప్పుల పుస్తకం చివరి పేజీల్లో ఇలాంటి మాటలు తెలుగు అర్థంతో ఒక జాబితాగా పోగవ్వాలి. తొమ్మిదో తరగతి దసరా తర్వాత స్లిప్ టెస్టుల్లో వారానికి ఒక్క ప్రశ్నయినా ఇంగ్లిష్‌లోనే ఇవ్వండి, జవాబు ఏ భాషలో రాసినా ఒప్పుకోండి.

టైం చాలకపోవడం మీద నేను పెద్దగా దిగులు పడను. మొదటి మూడూ తగ్గితే చాలావరకు అదే తగ్గుతుంది.

ప్రతి వారం: స్లిప్ టెస్టు, కానీ రిజిస్టర్లో ఎక్కనిది

ఎఫ్‌ఏలో స్లిప్ టెస్ట్ అంటే పిల్లలకు మార్కులు ఎక్కే పరీక్ష. నేను చెప్పేది వేరు. వారానికొకసారి, పది నిమిషాలు, ఐదు ప్రశ్నలు. రెండు ఈ వారం పాఠంలోవి, రెండు నెల కిందటివి, ఒకటి ఇంకా పాతది. మార్కులు ఎక్కడా ఎక్కవని ముందే చెప్పేయండి, మాట మీద నిలబడండి.

పాతవి ఎందుకంటే, చదివింది నిలవాలంటే మళ్లీ చదవడం కంటే చూడకుండా గుర్తుచేసుకోవడం బాగా పనిచేస్తుంది. అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండోసారి చదివారు, కొందరు చదవకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత చూస్తే లెక్క తిరగబడింది: గుర్తుచేసుకుని రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే. మన పిల్లలు పరీక్ష ముందు రాత్రి పుస్తకం తిరగేసి అంతా వచ్చేసిందనుకునేది ఆ ఐదు నిమిషాల లెక్క. కాలేజీలో సెమిస్టర్ పరీక్షకూ, ఎంట్రన్స్‌కూ పనికొచ్చేది వారం తర్వాతి లెక్క.

ఇంట్లో ఇది మరీ తేలిక. రాత్రి భోజనాల దగ్గర "ఇవాళ సైన్స్‌లో ఏం చెప్పారు?" అని కాకుండా "పోయిన నెల చెప్పిన ఆమ్లాలు, క్షారాలు పాఠంలో ఒక మూడు సంగతులు చెప్పమ్మా" అని అడగండి. మీకు ఆమ్లాల గురించి తెలియకపోయినా ఫర్వాలేదు. తడుముకుంటోందో లేదో మొహం చూస్తే తెలిసిపోతుంది.

పేపరు తిరిగిచ్చే రోజు: మార్కు తర్వాత, మాట ముందు

ఎఫ్‌ఏ అయినా ఎస్‌ఏ అయినా, దిద్దిన పేపరు ఇవ్వగానే క్లాసులో ఏం జరుగుతుందో మీకు తెలుసు. మార్కు చూసుకోవడం, పక్కవాడిది లాక్కుని చూడటం, టోటల్ తప్పు పడిందేమో కూడుకోవడం. మీరు ఎర్ర సిరాతో ఓపిగ్గా రాసిన మాట ఒక్కరూ చదవరు. దీని మీద కూడా పరిశోధన ఉంది. ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన అధ్యయనంలో కొందరు పిల్లలకు గ్రేడు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ కలిపి ఇచ్చారు. మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ అందుకున్నవాళ్లు గ్రేడు మాత్రమే అందుకున్నవాళ్లలాగే ఉండిపోయారు.

కాబట్టి మార్కులు మీ రిజిస్టర్లో వేసుకోండి, పేపరు మీద వేయకండి. మొదటి రోజు మార్కు లేని పేపరిచ్చి తప్పులు సరిచేసుకుని రమ్మనండి. మర్నాడో ఆ మర్నాడో మార్కు చెప్పండి. మొదటిసారి గోల చేస్తారు, మూడోసారికి అలవాటు పడతారు.

నలభై ఐదు పేపర్ల మీద నలభై ఐదు వ్యాఖ్యలు ఎక్కడ రాస్తామంటారా? రాయొద్దు. దిద్దుతున్నప్పుడే తప్పులు ఒక ఆరేడు రకాలుగా తేలిపోతాయి. వాటికి అంకెలు పెట్టుకుని, పేపరు మీద ఆ అంకె మాత్రం వేయండి. క్లాసులో బోర్డు మీద రాయండి: 1 అంటే పటంలో భాగాలు గుర్తించలేదు, 2 అంటే కారణం అడిగితే నిర్వచనం రాశావు, 3 అంటే సూత్రం ఒప్పు, విలువలు వేయడంలో తప్పు, ఇలా. ఒకే అంకె వచ్చినవాళ్లను ఒకచోట కూర్చోబెట్టండి. రెండో రకం ముఠా ఎప్పుడూ పెద్దదిగానే ఉంటుంది, "ఎందుకు" అన్న ప్రశ్నకు "ఏమిటి" జవాబు రాయడం మనవాళ్లకు బాగా అలవాటు. ఇంటర్ వరకు ఎలాగో నెట్టుకొస్తారు గానీ డిగ్రీలోనూ, బీటెక్‌లోనూ వైవా టేబుల్ దగ్గర దొరికిపోతారు.

ప్రాజెక్టు, నోట్సు: ఎంట్రన్స్‌లో రానివి, కాలేజీలో రోజూ కావాల్సినవి

ఎఫ్‌ఏలో ప్రాజెక్టుకు మార్కులుంటాయి. ఆ ప్రాజెక్టు ఎలా తయారవుతుందో కూడా మనకు తెలుసు. నెట్ సెంటర్లో రంగు ప్రింట్లు, పైన మెరుపు కాగితం, లోపలున్నదేమిటో రాసినవాళ్లకే తెలీదు. అట్ట మీద మార్కులు వేయడం మానేసి, ప్రతి ఒక్కరినీ మూడు ప్రశ్నలు అడగండి. ఈ అంకె ఎక్కడిది? నువ్వు కాకుండా ఇంకొకరు కొలిస్తే ఇదే వస్తుందా? నీకు ఆశ్చర్యమనిపించింది ఏంటి? ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పట్టదు. మార్కులన్నీ ఈ జవాబులకే. అది ముందే చెబితే రెండో ప్రాజెక్టు ఇంట్లోనే, చేత్తోనే తయారవుతుంది.

అంశాలు కూడా ఊళ్లోనే దొరుకుతాయి. తమ వీధిలో ఒక వారం కరెంటు మీటరు రీడింగులు తీసి గ్రాఫ్ గీయడం, మద్దిలపాలెం జంక్షన్‌లో ఉదయం పావుగంట, సాయంత్రం పావుగంట వాహనాలు లెక్కపెట్టి పోల్చడం, ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి వెళ్లి ఒకే విషయం మీద రెండు పుస్తకాలు చదివి ఎక్కడ తేడాగా చెప్పారో రాయడం.

నోట్సు సంగతికొస్తే, బడిలో మనం బోర్డు మీద రాస్తాం, వాళ్లు దించుకుంటారు. కాలేజీలో లెక్చరర్ మాట్లాడుకుంటూ పోతారు. ఈ తేడాకు ఎవరూ తయారు చేయరు. నెలకొకసారి పది నిమిషాలు బోర్డు ముట్టుకోకుండా పాఠం చెప్పండి, లేదా తరగతిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (పెద్ద టచ్ స్క్రీన్) ఉంటే ఒక వీడియో పాఠం ఆపకుండా వేయండి. ఎవరి నోట్సు వాళ్లు రాసుకోవాలి. రెండు రోజులు ఆగి, ఆ నోట్సు దగ్గర పెట్టుకునే రాసే ఐదు ప్రశ్నల పరీక్ష పెట్టండి. నోట్సులో ఏం లోపించిందో అప్పుడు వాళ్లకే కనిపిస్తుంది. జేఎన్‌టీయూ పద్ధతి కాలేజీల్లో 100లో 30 మార్కులు ఇంటర్నల్సే, సెమిస్టర్ మధ్యలోనే వచ్చేస్తాయి. పరీక్షలకు నెల ముందు గైడు కొనుక్కునే అలవాటు అక్కడ పనికిరాదు.

సంక్రాంతి తర్వాత: బిట్లు, నెగెటివ్ మార్కులు

ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పేరుతో బిట్లు పెట్టించడం నాకు ఇష్టం లేదు. స్టెప్పులు రాయడం రాకముందే టిక్కు పెట్టడం నేర్పితే తప్పు ఎక్కడ జరిగిందో మనకూ తెలీదు, వాళ్లకూ తెలీదు. పదో తరగతి రెండో సగంలో మొదలుపెడితే సరిపోతుంది. ఒక్క మినహాయింపు, ఎనిమిదో తరగతిలో రాసే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఎన్ఎంఎంఎస్. రీజనింగ్ 90, సబ్జెక్టులు 90 ప్రశ్నలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ పూర్తయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్. ప్రభుత్వ బడి పిల్లలుంటే దీన్ని వదలొద్దు.

ముందుగా ఏ పరీక్ష ఎలా ఉంటుందో పిల్లలకు చెప్పండి. రాష్ట్రంలో ఇంజినీరింగ్, అగ్రికల్చర్, ఫార్మసీ సీట్లకు రాసే ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, నెగెటివ్ మార్కుల్లేవు. జేఈఈ మెయిన్ 2025 నుంచి 75 ప్రశ్నలు, 300 మార్కులు. ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. నీట్‌లో 180 ప్రశ్నలు, మార్కుల పద్ధతి అదే. సీయూఈటీ అనేది కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ కోర్సులకు, తెలుగులో కూడా రాయొచ్చు. విజయనగరం గిరిజన విశ్వవిద్యాలయం మనకు పక్కనే ఉన్నా ఈ పరీక్ష పేరే చాలామంది వినలేదు. సబ్బవరంలోని లా యూనివర్సిటీకి క్లాట్ రాయాలి, అందులో అన్నీ పేరాలు చదివి జవాబు చెప్పేవే.

తెలీని ప్రశ్నకు టిక్కు పెట్టాలా, వదిలేయాలా? లెక్క వేసి చూపించండి. ఈఏపీసెట్‌లో ఒక్కటీ ఖాళీ వదలకూడదు, అక్కడ పోయేదేమీ లేదు. జేఈఈలో నాలుగు ఆప్షన్లున్న ప్రశ్నలు నాలుగింటికి గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగులుతుంది, మూడు పోతాయి: 4 − 3 = 1. నాలుగు ప్రశ్నల మీద ఒక్క మార్కు, అదీ సగటు లెక్కే. ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తెలిస్తే, అలాంటి మూడు ప్రశ్నలకు 4 − 2 = 2. రెండు తీసేయగలిగితే, అలాంటి రెండు ప్రశ్నలకే 4 − 1 = 3. ఏది కాదో తెలుసుకోవడానికీ విలువుందని పిల్లలకు ఇక్కడ అర్థమవుతుంది.

ప్రాక్టీసు పేపర్లో ప్రతి జవాబు పక్కనా ఒక గుర్తు పెట్టించండి: తెలుసు, సగం తెలుసు, గుడ్డిగా. దిద్దాక ముందుగా చూడాల్సింది "తెలుసు" అని పెట్టి తప్పు పోయినవి. తెలీదని తెలిసినవాడు చదువుకుంటాడు. తెలుసనుకుని తప్పు రాసేవాడు ఆ పాఠం జోలికే పోడు.

కంప్యూటర్ మీద పరీక్ష కూడా ఒకసారి చూపించండి. జేఈఈ మెయిన్ నిర్వహించే ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లో మాక్ టెస్టులు ఉచితంగా ఉన్నాయి. పక్కన ప్రశ్నల నంబర్లు, జవాబిస్తే ఆకుపచ్చ, చూసి వదిలేస్తే ఎరుపు, తర్వాత చూద్దామని గుర్తు పెడితే ఊదా. ల్యాబ్‌లో కంప్యూటర్లు తక్కువుంటే ముగ్గురికి ఒకటి ఇచ్చినా ఫర్వాలేదు. మొదటిసారి చినముషిడివాడ పరీక్షా కేంద్రంలోనే మౌసు పట్టుకుని టెన్షన్ పడకుండా ఉంటే అంతే చాలు.

అన్నింటికంటే మంచి రిహార్సల్ పాలిసెట్. పది పరీక్షలయ్యాక వస్తుంది, 120 ప్రశ్నలు, రెండు గంటలు, అంటే ప్రశ్నకు నిమిషం. పాలిటెక్నిక్‌లో చేరే ఉద్దేశం లేకపోయినా రాయించండి. హాల్ టికెట్ మీద కేంద్రం వెతుక్కోవడం, గేటు మూయకముందే చేరడం, ఓఎంఆర్ షీటు నింపడం, అన్నీ ఒకేసారి అలవాటవుతాయి. పైగా ర్యాంకు బాగా వస్తే కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్ గురించి ఇంట్లో కొత్తగా మాట్లాడుకోవచ్చు.

గ్రూపు ఎంచుకునేటప్పుడు

"మ్యాథ్స్‌లో 90 వచ్చాయి, ఎంపీసీ వేసేద్దాం" అనే ముందు తప్పుల పుస్తకం తెరవండి. ఏ సబ్జెక్టులో "తెలీలేదు" అన్నవి జూన్ నుంచి ఫిబ్రవరికి తగ్గాయో చూడండి. ఒక పిల్లకు మ్యాథ్స్‌లో 90, సోషల్‌లో 80 రావొచ్చు. మ్యాథ్స్ తప్పులు ఏడాదంతా అవే ఉండి, సోషల్‌లో గ్రాఫులు, పట్టికలు, కారణాల ప్రశ్నలకు ఆమె రాసిన జవాబులు నెలనెలా పదునెక్కుతుంటే, సీఈసీ గురించి గానీ ఎంఈసీ గురించి గానీ మాట్లాడటంలో తప్పేముంది? కామర్స్ గ్రూపులు మార్కులు రానివాళ్లకన్న మాట ఇంకా మన ఇళ్లల్లో పోలేదు.

ఒక చోట మాత్రం మార్కులే లెక్క. ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మెరిట్ మీదే ఇస్తారు, ఎంట్రన్స్ లేదు. ప్రభుత్వ బడి పిల్లలకు 4 శాతం అదనంగా కలుపుతారు. మనకు దగ్గర్లో శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో ఒకటుంది. అక్కడికి వెళ్లగల పిల్లలుంటే జనవరి నుంచి వాళ్లకు చేతిరాత, పటాలు, పేపరు పొందిక మీద కూడా పని చెప్పండి.

అమ్మానాన్నలతో

పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది "ఏటి మాస్టారూ, మా గుంటడికి ఎన్నొచ్చాయి?" అనే. మార్కు చెప్పండి, దాయొద్దు. వెంటనే తప్పుల పుస్తకం వాళ్ల చేతిలో పెట్టి పిల్లాడితోనే రెండు పేజీలు చదివించండి. చదువుకోని తల్లికి కూడా "ఇది నాకు అప్పుడు రాలేదమ్మా, ఇప్పుడొచ్చు" అన్న మాట అర్థమవుతుంది. పక్కింటివాళ్ల అమ్మాయి మార్కులు మీటింగ్‌లో ఎవరు ఎత్తినా మీరు కలగజేసుకుని ఆపండి.

పరీక్షల దగ్గర కొందరు పిల్లలు తిండి మానేస్తారు, నిద్ర పోరు, ఒక్కసారిగా మాట తగ్గిపోతుంది. దాన్ని బద్ధకం కింద కొట్టేయకండి. పరీక్షలు కొన్నాళ్లు పక్కన పెట్టి ఆ పిల్లతో మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు నోటీసు బోర్డు మీద ఏడాది పొడవునా ఉంచండి.

ఫలితాలు వచ్చాక

పాసైన పిల్లలకు ఏప్రిల్, మే సెలవుల్లో ఇంటర్ పాఠాలు మొదలుపెట్టించొద్దు. తప్పుల పుస్తకంలో ఇంకా మిగిలిన "తెలీలేదు"లు, వాటికి తోడు ఎంపీసీ వాళ్లకు త్రికోణమితి, ఘాతాంకాలు, గ్రాఫులు. బైపీసీ వాళ్లకు ఇంగ్లిష్ పేరాలు చదవడం, కణం పాఠం, మోల్ లెక్కలకు కావాల్సిన నిష్పత్తులు. రోజుకు గంట చాలు.

తప్పిన పిల్లలకు సప్లిమెంటరీ కొద్ది వారాల్లోనే ఉంటుంది. ఆ కొద్ది రోజుల్లో పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టించకండి. ఏది పోయిందో ముందు చూడాలి. రీ వెరిఫికేషన్‌కు దరఖాస్తు చేస్తే దిద్దిన జవాబు పత్రం నకలు ఇస్తారు. సబ్జెక్టుకు 1,000 రూపాయలు కట్టాలి, గడువు కొద్ది రోజులే ఉంటుంది, హెడ్మాస్టర్ ద్వారా వెళ్లాలి. మార్కులు కలుస్తాయన్న ఆశతో కాకుండా ఆ నకలు కోసమే పెట్టించండి. అయితే అది ఎప్పుడు చేతికొస్తుందో చెప్పలేం కాబట్టి దానికోసం కూర్చోకుండా, ప్రీ ఫైనల్ పేపరు మీ దగ్గరుంటే ఆ రోజే తీసి, పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మొదటి ప్రశ్న నుంచి చదవడం మొదలుపెట్టండి.